ఏడు రోజుల ఫ్రెంచి గోల్ఫ్ యాత్ర: ఆల్బట్రోస్ నుంచి ఆర్దెలో దాకా

పారిస్‌కు నైరుతిన, వెర్సాయ్ దాటాక గుయాంకూర్ అనే ఊరుంది. అక్కడి గోల్ఫ్ నాసియోనాల్‌లో మూడు కోర్సులున్నాయి: ఆల్బట్రోస్, ఎగ్ల్, కొత్తవాళ్ల కోసం చిన్నదైన వాజ్‌లే. 1990లో తెరిచిన ఆల్బట్రోస్ మీదే 2018 రైడర్ కప్ (యూరప్, అమెరికా జట్ల పోటీ), 2024 పారిస్ ఒలింపిక్స్ గోల్ఫ్ జరిగాయి. ఫ్రాన్స్‌లో గోల్ఫ్ అనగానే మనవాళ్లు ముందు అడిగేది దీన్నే. అయితే అంత దూరం వెళ్ళి ఇదొక్కటే ఆడి తిరిగి వస్తే సగం ఖర్చు దండగే. మూడు గంటలు కారు నడిపితే ఇంగ్లిష్ ఛానల్ ఒడ్డున ల తూకే, ఆర్దెలో ఉన్నాయి. అక్కడ నేల ఇసుక, గాలి సముద్రానిది, కొట్టాల్సిన దెబ్బలే వేరు. ఈ రెండు చోట్లనీ కలిపి, ఆదివారం దిగి శనివారం తిరుగు విమానం ఎక్కేలా వేసిన వరస ఇది. శని, ఆదివారాలు ఆటకు పెట్టుకోకపోవడం కావాలని చేసిందే. ఆ రెండు రోజులూ ఫ్రెంచి క్లబ్బుల్లో సభ్యులకే మంచి వేళలు దక్కుతాయి, బయటివాళ్లకు ఫీజు కూడా ఎక్కువ.

బయల్దేరే ముందు

వీసాకన్నా, విమాన టికెట్టుకన్నా ముందు చూడాల్సింది ఆల్బట్రోస్ తెరిచి ఉంటుందా లేదా అని. ఫ్రెంచ్ ఓపెన్ గోల్ఫ్ టోర్నమెంట్ 1906 నాటిది. 1991 నుంచి దాదాపు ప్రతి ఏడూ ఇక్కడే జరుగుతూ వచ్చింది. జరిగిన ఏడు గ్యాలరీలు కట్టడానికీ విప్పడానికీ అటూ ఇటూ రోజులు పోతాయి. 2025లో ఆ టోర్నమెంట్ పక్కనే ఉన్న సాన్ నోమ్ లా బ్రెతెష్ క్లబ్బుకు మారింది. కాబట్టి పాత పద్ధతిని నమ్ముకోకుండా ఆ ఏటి క్యాలెండర్ చూడాలి. ఇంకొకటి, గ్రీన్లకు, అంటే జెండా చుట్టూ ఉండే నున్నటి గడ్డికి, గుల్లలు తీసి ఇసుక నింపే పని. దీన్ని అక్కడ కరొతాజ్ అంటారు. మామూలుగా వసంతంలో ఒకసారి, వేసవి చివర ఒకసారి చేస్తారు. ఆ తర్వాత పది పదిహేను రోజులు పుట్‌లు (గ్రీన్ మీద దొర్లించే దెబ్బలు) గెంతుతూ పోతాయి. ఫీజు మాత్రం పెద్దగా తగ్గించరు. ఈమెయిల్‌లో తేదీ అడిగితే క్లబ్బులు దాచకుండా చెబుతాయి.

నెలల్లో జూన్ రెండో సగం అన్నిటికన్నా మేలు. మే నెలలో 1, 8 తేదీల సెలవులు, క్రీస్తు ఆరోహణ గురువారం, పెంతెకొస్తు సోమవారం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మధ్యలో మిగిలిన పనిదినాన్ని కూడా సెలవు పెట్టేసి పారిస్ జనం సముద్రతీరానికి దిగుతారు. ఆ వారాల్లో ల తూకేలో టీ టైమూ (ఆట మొదలుపెట్టే వేళ) దొరకదు, గదీ దొరకదు. జూన్‌లో పారిస్ దగ్గర రాత్రి పదింటి దాకా వెలుతురు ఉంటుంది, మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టినా పద్దెనిమిది హోల్స్ హాయిగా పూర్తవుతాయి.

తర్వాత హ్యాండిక్యాప్, అంటే ఆటగాడి స్థాయిని బట్టి దక్కే అదనపు స్ట్రోకుల (దెబ్బల) లెక్క. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ కింద నమోదైన ఇండెక్స్ (ఆ స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచి ఆటగాడు) ఉంటే చాలు. గోల్కొండ కోట పక్కన కోర్సులోనో, విశాఖ ఈస్ట్ పాయింట్‌లోనో సభ్యులైతే క్లబ్ ఆఫీసులో అడిగి తాజా సర్టిఫికెట్ కాగితం మీద తీసుకోవాలి. ఫోన్ తెరమీద చూపిస్తే ఒప్పుకునేచోట ఒప్పుకుంటారు, కాగితమైతే ఎక్కడా మాట పెరగదు. పేరున్న కోర్సులు ఇంత ఇండెక్స్ దాటినవాళ్లను ఎక్కించుకోం అని గీత గీస్తాయి. ఆ అంకె బుకింగ్ పేజీలోనే ఉంటుంది, డబ్బు కట్టేముందే చదవాలి. మోర్‌ఫోంతేన్ లాంటి క్లబ్బుల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. సభ్యుడి వెంట వెళ్తే తప్ప అక్కడ గేటు తెరుచుకోదు.

వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి. పెద్దలకు ఫీజు 90 యూరోలు. వైద్య బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు. టీ టైమ్ రసీదులు, హోటల్ బుకింగ్‌లు ఒకే తేదీల వరసలో జతచేస్తే ప్రయాణం ఎందుకో వేరే వివరించక్కర్లేదు. వైద్య బీమా మీ కాలు విరిగితే పనికొస్తుంది. మీ బంతి ఇంకొకరి తలకు తగిలితే పనికిరాదు. ఫ్రెంచి ఆటగాళ్లకు సమాఖ్య లైసెన్సులోనే ఆ రక్షణ ఉంటుంది, మనం వ్యక్తిగత బాధ్యత బీమా ఉన్న ప్రయాణ పాలసీ చూసి కొనుక్కోవాలి. క్లబ్‌హౌస్ అద్దం పగిలినా, కార్లకు నష్టం జరిగినా అందులోకే వస్తాయి.

కారు నడిపేవాళ్లు ఊళ్లోని ఆర్టీఏ ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. ఏడాది చెల్లుతుంది, అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. అద్దె కారు బుక్ చేసేటప్పుడు ఆటోమేటిక్ గేర్లని ప్రత్యేకంగా ఎంచుకోకపోతే చాలాసార్లు చేతి గేర్ల బండే చేతికొస్తుంది. కుడివైపు నడపడం కొత్త, కుడిచేత్తో గేరు మార్చడం కొత్త, రెండూ ఒకేరోజు వద్దు. హ్యాచ్‌బ్యాక్ డిక్కీలో గోల్ఫ్ బ్యాగు పట్టదు. కవరుతో కలిపి అది 125-130 సెం.మీ. పొడవుంటుంది. ఇద్దరికైతే పొడుగు డిక్కీ ఉన్న స్టేషన్ వ్యాగన్, వెనక సీటులో మూడో వంతు మడిస్తే రెండు బ్యాగులూ సరిపోతాయి. నలుగురికైతే తొమ్మిది సీట్ల వ్యాన్.

బ్యాగు బరువు ముందే లెక్కేసుకోవచ్చు. పద్నాలుగు క్లబ్బులు (బంతి కొట్టే కర్రలు) దాదాపు 6 కిలోలు, స్టాండ్ బ్యాగు రెండున్నర, ప్రయాణపు కవరు మూడున్నర, రెండు డజన్ల బంతులు 1.1, బూట్లూ వానకోటూ కలిపి రెండు. మొత్తం 15 కిలోలు. 23 కిలోల హద్దుకు ఇంకా ఎనిమిది మిగిలింది కదా అని అందులో బట్టలు కుక్కేస్తే తిరుగు ప్రయాణంలో తడిసిన వానకోటు, కొన్న షర్టులు చేరి హద్దు దాటుతుంది. కొన్ని విమాన సంస్థలు గోల్ఫ్ బ్యాగును మామూలు సామాను లెక్కలోనే కలుపుతాయి, కొన్ని క్రీడాసామగ్రి అని ముందుగా నమోదు చేయమంటాయి. టికెట్టు కొన్న రోజే ఆ నమోదు చేయించాలి.

విరిగేది ఎప్పుడూ డ్రైవరే (దూరం కొట్టే పొడుగు క్లబ్బు), అదీ తల షాఫ్టులో కూర్చునే చోట. బ్యాగు నిలువుగా పడినప్పుడు అన్నిటికన్నా పైకి తేలి ఉండేది అదే. స్క్రూ ఉన్న మోడలైతే టార్క్ రెంచితో తల విప్పి సాక్సులో చుట్టి పక్క అరలో పెట్టాలి. విప్పేముందు స్లీవ్ మీద గుర్తు ఏ అంకె దగ్గరుందో ఫోటో తీసుకోవాలి, లేకపోతే అక్కడ బిగించాక లాఫ్ట్ (తల వాలు) మారిపోయి బంతి ఎందుకు కుడికి పోతోందో అర్థం కాదు. డ్రైవర్ కన్నా కాస్త పొడుగైన గట్టి కడ్డీ ఒకటి బ్యాగులో నిలబెడితే దెబ్బ అది కాస్తుంది. ఐరన్లనే క్లబ్బుల తలల మధ్య తువ్వాలు దూర్చితే చాలు. రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) విడి బ్యాటరీలు చేతిసంచిలోనే పెట్టుకోవాలి. సొంత ఎలక్ట్రిక్ ట్రాలీ మోసుకెళ్దామనుకుంటే లిథియం బ్యాటరీ 160 వాట్-అవర్లు దాటితే ప్రయాణికుల విమానంలో అసలు ఎక్కనివ్వరు. చాలా ట్రాలీ బ్యాటరీలు ఆ గీత పైనే ఉంటాయి. అక్కడ అద్దెకు తీసుకోవడమే నయం.

ఆదివారం: దిగడం, తూర్పు నుంచి పడమటికి

గల్ఫ్ మీదుగా వచ్చేవాళ్లు మధ్యలో మూడు గంటలకు తగ్గకుండా వ్యవధి ఉండేలా చూసుకోవాలి. మనిషి పరిగెత్తి రెండో విమానం అందుకోగలడు, గోల్ఫ్ బ్యాగు అందుకోలేదు. పారిస్ విమానాశ్రయం చార్లెస్ డి గాల్‌లో వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త సరిహద్దు పద్ధతి 2025 అక్టోబర్‌లో మొదలైంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు వరసలో సమయం పడుతుంది. బెల్టు దగ్గర బ్యాగు రాలేదని కంగారుపడొద్దు. పొడుగు సామాను మామూలు బెల్టు మీద రాదు, పక్కన సైజు మించిన సామాను తలుపు దగ్గరికి తెచ్చిపెడతారు. అక్కడా రాకపోతే కస్టమ్స్ దాటకముందే ఫిర్యాదు రాయించాలి. అందులో ఒక్క హోటల్ పేరు రాస్తే బుధవారం మీరు ల తూకేలో ఉండగా బ్యాగు గుయాంకూర్‌కు చేరుతుంది. ఏ తేదీ నుంచి ఏ చిరునామా అన్నది రెండూ రాయాలి.

విమానాశ్రయం పారిస్‌కు ఈశాన్యాన, కోర్సు నైరుతిన. కాబట్టి ఊరు చుట్టి పోక తప్పదు. ఏ86 రింగు రోడ్డు మీద రుయ్ మాల్మెజోన్ నుంచి వెలిజీ దాకా పది కిలోమీటర్ల సొరంగం ఉంది. టోలు కట్టాలి, బాగా కలిసొస్తుంది. కానీ దాని ఎత్తు హద్దు 2 మీటర్లు. రెండు అంతస్తులుగా తవ్విన సొరంగం కావడంతో పైకప్పు అంత కిందికి ఉంటుంది. పైన డబ్బా బిగించిన కారు, ఎత్తయిన వ్యాన్ అందులో పట్టవు. జీపీఎస్‌కు మీ బండి ఎత్తు తెలియదు, నేరుగా అందులోకే తోలుతుంది. వ్యాన్ తీసుకున్నవాళ్లు తాళాలు అందుకునేటప్పుడే ఎత్తు ఎంతో అడిగి, రెండుకు దగ్గరగా ఉంటే ఆ దారి మానుకోవడం మంచిది. పారిస్ లోపలి పెరిఫెరిక్ రింగు మీద వేగం 50కి మించకూడదు, కెమెరాలు చాలా ఉన్నాయి.

కారు లేకుండానూ వెళ్ళొచ్చు. ఆర్‌ఈఆర్ బి లోకల్ రైల్లో పారిస్, అక్కడ సి లైన్ మారితే సాన్ కాంతాన్ అన్ ఇవ్లిన్ స్టేషన్, తర్వాత బస్సో ట్యాక్సీయో. మోంపర్నాస్ నుంచి ఎన్ లైన్ కూడా అదే స్టేషన్‌కు వెళ్తుంది. ఒక్క కోర్సే ఆడి వచ్చేసేవాళ్లకు ఇది చాలు. క్లబ్ సెట్ అక్కడే అద్దెకు తీసుకుంటే ఇంకా సుఖం. గోల్ఫ్ బ్యాగుతో మాత్రం రైలు మార్పుల దగ్గర మెట్లెక్కి దిగడం శిక్షే.

బస సాన్ కాంతాన్ స్టేషన్ చుట్టుపక్కల. ఆదివారం మధ్యాహ్నం తర్వాత చాలా కిరాణా సూపర్‌మార్కెట్లు మూతపడతాయి. నీళ్లు, పండ్లు, మర్నాటి ఆటలో తినే బిస్కెట్లు విమానాశ్రయంలోనో దారిలో పెట్రోల్ బంకులోనో కొనేయాలి.

సోమవారం: ఎగ్ల్ మీద లెక్కలు సరిచేసుకోవడం

వేసవిలో మన గడియారం వాళ్లకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది, కాబట్టి తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది. ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య టీ టైమ్ పెట్టుకుంటే మేలు. దిగిన మర్నాడే ఆల్బట్రోస్ ఎక్కితే డబ్బు నీళ్లలో పోసినట్టే, అక్కడ ఆ నీళ్లు నిజంగానే ఉన్నాయి. అదే ఆవరణలో ఉన్న ఎగ్ల్ కూడా పద్దెనిమిది హోల్స్‌దే. మట్టీ గడ్డీ ఒకటే, భయం తక్కువ.

కౌంటర్‌లో ఉండే కేడీ మాస్టర్ టీ టైములు, ట్రాలీలు చూసే మనిషి. కేడీలు ఉండరు. మన దగ్గర బంతి ఎక్కడ పడిందో చూసేదీ, దూరం చెప్పేదీ, బంకర్ (ఇసుక గుంట) దువ్వేదీ, పుట్ గీత చూపేదీ కేడీయే. అక్కడ అవన్నీ మనమే చేసుకోవాలి. బంతి వెతకడానికి నియమం ఇచ్చే సమయం 3 నిమిషాలే. అందుకే కొట్టాక బంతి వెనక ఒక చెట్టునో గుంజనో గుర్తుపెట్టుకుని నడవడం అలవాటు చేసుకోవాలి. అనుమానం ఉంటే ప్రొవిజనల్ (ముందుజాగ్రత్త) బంతి అక్కడికక్కడే కొట్టేయాలి. గ్రీన్ మీద పడ్డ గుంట పూడ్చే చిన్న ఫోర్కు జేబులో లేకుండా తిరిగితే అక్కడివాళ్లు మొహం మీదే అడుగుతారు.

ప్రాక్టీస్ రేంజ్‌కు బంతుల బకెట్టు టోకెన్ లేదా కార్డుతో వస్తుంది, కౌంటర్‌లోనే కొనాలి. ఈ రోజు అక్కడ అరగంట ఖర్చు చేయాల్సింది స్వింగ్ మీద కాదు, దూరాల మీద. ఎందుకంటే ఫ్రాన్స్‌లో కోర్సులన్నీ మీటర్లలో ఉంటాయి. యార్డులకు అలవాటు పడ్డ చేయి 150 అని చూడగానే 150 యార్డుల క్లబ్బు తీస్తుంది. 150 మీటర్లంటే 164 యార్డులు. క్లబ్బు మారితే దూరం మారుతుంది, ఇది ఒక క్లబ్బుకు పైనే తేడా. దీనిమీద వాతావరణం. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో, 35 డిగ్రీల వేడిలో గాలి పల్చన, బంతి దూరం పోతుంది. గుయాంకూర్ దానికన్నా బాగా పల్లం, ఉదయం 14-15 డిగ్రీలు. 220 యార్డులు పోయే డ్రైవ్ 210 దగ్గర ఆగుతుంది, ఐరన్‌కు అర క్లబ్బు తగ్గుతుంది. రెండూ కలిస్తే 150 బోర్డు దగ్గర నిలబడి 170 యార్డుల క్లబ్బు తీయాలి. ఇది నమ్మడానికి మనసొప్పదు. అందుకే మొదటి రోజు అందరి బంతులూ గ్రీన్ ముందే పడతాయి.

సులువు దారి, రేంజ్‌ఫైండర్‌నూ దూరం చూపే చేతిగడియారాన్నీ యార్డుల్లోనే ఉంచి, మైదానంలో రాసిన అంకెలు అసలు చూడకపోవడం. జట్టులో ఒకరు మీటర్లు, ఒకరు యార్డులు వాడితే మాత్రం ఒకరి మాట ఒకరిని ముంచుతుంది. అందరూ ఒకటే పెట్టుకోవాలి.

టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) రంగుల్లోనూ ఇలాంటి ఉచ్చే ఉంది. ఫ్రాన్స్‌లో తెల్ల టీ మగవాళ్లకు వెనకది, పసుపు మామూలుది, నీలం ఆడవాళ్లకు వెనకది, ఎరుపు ముందుది. నల్లది పోటీలకు. మన దగ్గర చాలా కోర్సుల్లో నీలం వెనక టీ కావడంతో, అలవాటుగా నీలం దగ్గర నిలబడినవాళ్లు పసుపుకన్నా ముందు నుంచి ఆడేస్తారు. ఇండెక్స్ 15 దాటినవాళ్లు పసుపు దాటి వెనక్కి వెళ్లక్కర్లేదు.

కోర్సు హ్యాండిక్యాప్ పట్టిక స్టార్టర్ (ఆట మొదలుపెట్టించే మనిషి) దగ్గర అతికించి ఉంటుంది. చేత్తో వేయాలన్నా కష్టం కాదు: ఇండెక్స్‌ను స్లోప్ (కోర్సు కష్టాన్ని చూపే అంకె)తో హెచ్చించి 113తో భాగించి, దానికి కోర్సు రేటింగ్ (మేటి ఆటగాడి అంచనా స్కోరు)లోంచి పార్ (కోర్సుకు నిర్ణయించిన స్ట్రోకులు) తీసేసిన మిగులు కలపాలి. ఇండెక్స్ 18, స్లోప్ 140, రేటింగ్ 74, పార్ 72 అనుకుంటే 22.3కు 2 కలిసి 24 వస్తుంది. ఇంట్లో 18 అయినవాడు కష్టమైన కోర్సులో 24 తీసుకోవడం నామోషీ కాదు, లెక్క అదే.

మధ్యాహ్న భోజనం రెండున్నర లోపలే. ఆ తర్వాత క్లబ్‌హౌస్ వంటగది మూసేస్తారు, టోస్టు చేసిన జున్ను సాండ్‌విచ్ తప్ప ఏమీ మిగలదు. శాకాహారులు సలాడ్ అనగానే నిశ్చింతగా ఉండొద్దు. దానిమీద పంది మాంసపు ముక్కలు, కోడి కందనకాయ చల్లడం మామూలు. 'సాన్ లార్దోన్, సాన్ వియాంద్' అని చెబితే అవి లేకుండా ఇస్తారు. జున్ను, గుడ్డు ఆమ్లెట్, బంగాళాదుంప వేపుడు ఎక్కడైనా ఉంటాయి.

మంగళవారం: ఆల్బట్రోస్

టీ టైముకు గంట ముందు చేరాలి. ఇండెక్స్ 18 అయితే డజను బంతులు బ్యాగులో ఉండాలి. ఎక్కువనిపిస్తుంది గానీ పద్దెనిమిదో హోల్‌కు వచ్చేసరికి రెండే మిగిలి వణికే చేతులతో కొట్టడం కన్నా బరువు మోయడమే మేలు.

ఈ కోర్సు పుట్టుకే వేరు. ఉబేర్ షెనో, అమెరికన్ డిజైనర్ రాబర్ట్ వాన్ హాగీ కలిసి గీశారు. చదునైన పొలాల మీద పారిస్ చుట్టుపక్కల కట్టడాల నుంచి తవ్వితీసిన మట్టి తెచ్చి పోసి దిబ్బలు లేపారు. ప్రేక్షకులు కూర్చుని చూడటానికి ఆ దిబ్బలు. ఆడేవాడికి వాటి ఫలితం ఏమిటంటే, ఫెయిర్‌వే (కత్తిరించిన గడ్డి దారి) తప్పిన బంతి ఎప్పుడూ వాలు మీదే దొరుకుతుంది. కాళ్లకన్నా బంతి పైనుంటే ఎడమకు లాగుతుంది, కిందుంటే కుడికి జారుతుంది. కుడిచేతి ఆటగాడికి ఈ రెండు మాటలు గుర్తుంటే నాలుగైదు స్ట్రోకులు మిగులుతాయి. రఫ్ (దారి పక్కన పెరిగిన గడ్డి) దట్టంగా, తడిగా ఉంటుంది. 2018లో తోమస్ బ్యోర్న్ కెప్టెన్సీలోని యూరప్ జట్టు 17½–10½తో గెలవడానికి ఇరుకు ఫెయిర్‌వేలు, ఈ రఫ్ చాలా సాయపడ్డాయి. దూరం కొట్టే అమెరికన్లు దారి తప్పితే తిరిగి రావడానికే ఒక స్ట్రోకు పోయింది. మనం అందులోంచి హైబ్రిడ్ (దూరం కొట్టే క్లబ్బు)తో గ్రీన్ అందుకోవాలని చూడటం వృథా. వెడ్జ్ (తక్కువ దూరానికి ఎత్తుగా లేపే క్లబ్బు)తో ఫెయిర్‌వేకు తెచ్చుకోవడమే పని.

మొదటి హోల్ నుంచే ఎడమ పక్కన చెరువు. డ్రైవర్ అక్కర్లేదు. ఫెయిర్‌వే కుడి సగానికి గురిపెట్టి హైబ్రిడ్ కొడితే చాలు, వేడెక్కని నడుముతో డ్రైవర్ లాగితే బంతి ఎడమకే పోతుంది. రెండోది నీటి మీదుగా కొట్టే పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్), పోటీల టీ నుంచి 190 మీటర్లు. పసుపు నుంచి తక్కువే అయినా నిన్నటి లెక్క ఇక్కడ పరీక్షకు వస్తుంది. గ్రీన్ మధ్యకు కాక వెనక అంచుకు దూరం చూసి క్లబ్బు తీయాలి. మధ్యలో హోల్స్‌లో నీరు కన్నా రఫ్, బంకర్లు ఎక్కువ మాట్లాడతాయి. అక్కడ స్కోరు కూడబెట్టుకోవాలి.

చివరి నాలుగు హోల్స్ కోసమే ఇక్కడికి వస్తారు. పదిహేనో హోల్ రెండో దెబ్బ నీటి మీదుగా. పదహారు పార్ 3, 2018 రైడర్ కప్ ముగిసింది ఇక్కడే. అమెరికన్ ఫిల్ మికెల్సన్ టీ షాట్ నీళ్లలో పడ్డాక ఫ్రాన్సెస్కో మోలినారికి హోల్ వదిలేశాడు, దాంతో కప్పు యూరప్‌దైంది. ఆ వారాంతం మోలినారి ఆడిన ఐదు మ్యాచ్‌లూ గెలిచాడు. పదిహేడులో నీరు లేదు, కానీ పోటీల టీ నుంచి 439 మీటర్ల పార్ 4. 2024 ఒలింపిక్స్ ఆఖరి రోజు టామీ ఫ్లీట్‌వుడ్ ఇక్కడే ఒక స్ట్రోకు పోగొట్టుకుని వెండితో సరిపెట్టుకున్నాడు, ఆ రోజు 62 కొట్టిన స్కాటీ షెఫ్లర్‌కు బంగారం దక్కింది. మహిళల బంగారం లిడియా కోది. మన దేశం నుంచి శుభంకర్ శర్మ, గగన్‌జీత్ భుల్లర్, అదితి అశోక్, దీక్షా దాగర్ నడిచిన దారి కూడా ఇదే.

పద్దెనిమిది పార్ 4, ఎడమంతా చెరువు, గ్రీన్ కూడా నీటిని ఆనుకునే. హ్యాండిక్యాప్ ఆటగాడు దీన్ని పార్ 5 అనుకుని ఆడాలి: కుడివైపు టీ షాట్, రెండోది నీటికి ఇవతల వెడ్జ్ దూరంలో ఆపడం, మూడోది గ్రీన్ మీదికి. ఆ రెండో దెబ్బ ఆపడానికి చాలామందికి చేయి రాదు. వెనక నిలబడి చూసేవాళ్లు ఉంటారు మరి. నీళ్లలో పడితే బంతి ఎక్కడ హద్దు దాటిందో అక్కడి నుంచే లెక్క. ఎర్ర గుంజలైతే దాటిన చోటు నుంచి రెండు క్లబ్బుల దూరంలో, హోల్‌కు దగ్గర కాకుండా, మోకాలి ఎత్తు నుంచి వదలొచ్చు. పసుపు గుంజలైతే ఆ వెసులుబాటు లేదు. నీటికి వెనక్కి జెండా గీత మీదో, కొట్టిన చోటికో వెళ్లాల్సిందే. రెండిటికీ ఒక పెనాల్టీ స్ట్రోకు.

స్ట్రోకులు లెక్కపెట్టే ఆట కాకుండా స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతిలో హోల్‌కు ఇన్నని పాయింట్లు పెట్టుకుంటే ఇక్కడ మనసు పాడవదు. పాయింటు రాదని తేలగానే బంతి తీసి జేబులో వేసుకోవచ్చు, వెనక జట్టూ సంతోషిస్తుంది. నలుగురు నాలుగు గంటల ఇరవై నిమిషాల్లో పూర్తిచేయాలి. మార్షల్ వచ్చి హెచ్చరించేది స్కోరు చూసి కాదు, ముందున్న జట్టుకు మీకూ మధ్య ఖాళీ చూసి.

బుధవారం: తీరానికి

గుయాంకూర్ నుంచి ల తూకేకు సుమారు 250 కిలోమీటర్లు, ఎక్కువ భాగం ఏ16 టోలు రోడ్డు. పారిస్ చుట్టూ పొద్దున రద్దీ పోయాక, తొమ్మిదిన్నరకు బయల్దేరడం మంచిది. వేగం 130, వాన పడితే 110. టోలు గేటులో కార్డు పనిచేయాలంటే బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు తెరిచి ఉండాలి. రెండో కార్డు చేతిలో ఉంచుకోవాలి, వెనక హారన్లు మోగుతుంటే వెతుక్కునే పని కాదు. సోమ్ నది అఖాతం దగ్గర రోడ్డు పక్క విశ్రాంతి స్థలంలో ఆగితే భోజనమూ అవుతుంది, చిత్తడినేలల మీదుగా చూపూ పారుతుంది.

ల తూకే క్లబ్బు 1904 నాటిది. పైన్ చెట్ల మధ్య లా ఫొరే, దిబ్బల్లో లా మేర్, తొమ్మిది హోల్స్ ల మన్వార్. సాయంత్రం మన్వార్ మీద తొమ్మిది ఆడితే చాలు, కూర్చుని వచ్చిన నడుము సాగుతుంది. రాత్రికి పక్క ఊరు ఏతాప్ల్. చేపల రేవు కావడంతో చేపల పులుసు, ఆలిచిప్పలు తాజాగా ఉంటాయి.

గురువారం: లా మేర్

1931లో హ్యారీ కోల్ట్, చార్లెస్ ఆలిసన్ జత చేసిన కోర్సు ఇది. యుద్ధంలో దెబ్బతిని, తర్వాత మారి, ఈ మధ్య మళ్లీ కోల్ట్ గీతల దగ్గరికి తెచ్చారు. 1977లో సెవె బాయెస్టెరోస్ ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది ఇక్కడే. మా అభిప్రాయంలో ఆల్బట్రోస్ చూడాల్సిన కోర్సు, లా మేర్ మళ్లీ మళ్లీ ఆడాల్సిన కోర్సు.

మంగళవారం పనికొచ్చిన ఆట ఇక్కడ పనికిరాదు. గుయాంకూర్‌లో నేల బంకమట్టి, బంతి పడ్డచోటే ఆగుతుంది, ఎత్తుగా కొట్టాలి. ఇక్కడ ఇసుక, నీరు ఇట్టే ఇంకుతుంది, బంతి పడ్డాక ఇరవై మీటర్లు దొర్లుతుంది. జెండాకు గురిపెడితే గ్రీన్ వెనక తేలుతుంది. గ్రీన్ ముందు వాలు మీద పడేసి దొర్లించాలి. అంచు నుంచి కూడా వెడ్జ్ మానేసి పుట్టర్ తీయడం సిగ్గుపడాల్సిన సంగతి కాదు. బౌన్స్ (అడుగు వాలు) 10-12 డిగ్రీలున్న వెడ్జ్ గట్టి నేల మీద తగిలి ఎగిరి బంతి నడుమును కొడుతుంది. 6-8 డిగ్రీలది ఉంటే అది తెచ్చుకోవాలి.

గాలికి లెక్క ఒకటుంది. గంటకు 16 కిలోమీటర్ల ఎదురుగాలి దూరాన్ని దాదాపు పదో వంతు తినేస్తుంది. అదే వెనక గాలి అయితే అందులో సగమే కలిసొస్తుంది. 25 కిలోమీటర్ల ఎదురుగాలిలో 130 మీటర్ల దెబ్బ 150లా ఆడాలి. గట్టిగా కొడితే బంతి ఎక్కువ తిరిగి ఇంకా పైకి లేచి అక్కడే కూలుతుంది. రెండు క్లబ్బులు పెంచి ముప్పావు స్వింగ్ మెల్లగా తిప్పాలి. పక్కగాలిలో బంతిని గాలికి ఎదురు వంచాలని చూడకుండా, గాలి తెచ్చే మేరకు గురి పక్కకు జరిపితే చాలు.

దిబ్బల మీద ముళ్ల పొదలు దట్టంగా ఉంటాయి. బంతి అందులోకి పోతే చేయి పెట్టొద్దు. ఆడలేని చోటని చెప్పి ఒక పెనాల్టీ తీసుకుని బయట వదలడం చవక. జూన్‌లోనూ గాలికి చలేస్తుంది, పలచటి స్వెటరు బ్యాగులో ఉండాలి.

శుక్రవారం: ఆర్దెలో

ల తూకేకు ఉత్తరాన, కారులో అరగంట. ఇక్కడ లే పాన్, లే దూన్ అని రెండు కోర్సులు. ఒక్కటే ఆడాలంటే లే పాన్ ఆడాలి. టామ్ సింప్సన్ 1931లో గీసినది, పైన్ చెట్ల మధ్య గాలి తగ్గి ఊపిరి పీల్చుకునేలా ఉంటుంది. నేల ఇసుకే కాబట్టి నిన్నటి దొర్లుడు ఇక్కడా ఉంది. సింప్సన్ బంకర్లు ఫెయిర్‌వేకు అడ్డంగా, ఏటవాలుగా పరుచుకుంటాయి. టీ దగ్గర నుంచి చూస్తే గ్రీన్ ముందే ఉన్నట్టు కనిపించే బంకర్ నిజానికి ముప్పై నలభై మీటర్ల ఇవతల ఉంటుంది. కంటిని నమ్మక రేంజ్‌ఫైండర్‌ను నమ్మాలి. చెట్లలోకి పోతే ముందుకు సందు వెతకడం మానేసి పక్కకు తీసుకోవాలి. ఒకే రోజు రెండు కోర్సులూ ఆడే ప్యాకేజీ చూపిస్తారు. వారం చివర కాళ్లు ఒప్పుకుంటేనే.

శనివారం: తిరుగు ప్రయాణం

చార్లెస్ డి గాల్‌కు 220 కిలోమీటర్లకు పైనే. కారు అప్పగించడం, పన్ను కాగితం, పొడుగు సామాను కౌంటర్, ఈ మూడింటికీ కలిపి విమానానికి నాలుగు గంటల ముందు చేరితే తొందర ఉండదు. ఒకే షాపులో వంద యూరోలు దాటి కొన్నవాటికి పన్ను వాపసు వస్తుంది. కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపి ఫారం రాయించుకోవాలి. గ్రీన్ ఫీజులు, ట్రాలీ అద్దెలు ఈ లెక్కలోకి రావు. ఫారం మీది బార్‌కోడ్‌ను విమానాశ్రయంలో పాబ్లో యంత్రం దగ్గర స్కాన్ చేయాలి, ఇది సామాను అప్పగించకముందే. యంత్రం ఎర్రగా చూపితే పక్కనున్న కస్టమ్స్ అధికారి వస్తువు చూపమంటాడు. కొన్న షర్టులు, పుట్టర్ అప్పటికే బ్యాగుతో కిందికి వెళ్ళిపోతే వాపసు పోయినట్టే.

డ్రైవర్ తల మళ్లీ విప్పాలి, రెంచి పెద్ద బ్యాగులోనే ఉండాలి. బూట్లకు అంటిన మట్టి గడ్డి కడిగి ఆరబెట్టి సంచిలో చుట్టాలి. చెక్-ఇన్ దగ్గర ట్యాగు వేశాక కూడా బ్యాగును అక్కడి బెల్టు మీద పెట్టనివ్వరు. సైజు మించిన సామాను కౌంటర్‌కు మీరే తోసుకెళ్లాలి. వరస చిన్నదే గానీ స్కానింగ్ మెల్లగా సాగుతుంది, చెక్-ఇన్ ముగిసే వేళకన్నా ఇది ముందే మూస్తారు.